మైకు పట్టుకున్నాయన

ఆ పొద్దు కడపకు పోతా పోతా ఎర్రగుంట్ల బజార్లో ఒక శాలువా కొన్నాను. మూడువందలు చెప్పినాడు, రెండువందల యాభైకి తెగింది. మెరూన్ రంగు, అంచుకు జరీ మాదిరి మెరుపు. ఎవరికి సన్మానం జరిగినా మా పక్క అదే రంగు. మడత నలగకుండా కవర్లో పెట్టుకోని, పెండ్లికొడుకు బట్టలు మోస్తున్నంత జాగ్రత్తగా స్టేషనుకు నడిచినాను. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. ఎందుకుందో చెప్పాలంటే 1988 దాకా వెనక్కి పోవాల.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేండ్లు. సిమెంటు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాను. మా ఊరు మీకు తెలిసే ఉంటుంది. మద్రాసు–బొంబాయి రైలు దారిలో ఉండే ఊరు, మొదట నాపరాళ్ల ఊరు, తర్వాత సిమెంటు ఊరు. వాన పడి కడిగితే గానీ మా చెట్లు పచ్చగా ఉంటాయని మాకు గుర్తుకురాదు. పగలంతా హాజరుపట్టీ, పొద్దు మునిగితే నాటకాల కమిటీ. కమిటీలో నాకు పద్యం రాదు, హార్మోనియం రాదు, అద్దంలో చూసుకుంటే వేషం కట్టే ముఖమూ కాదు. గొంతు మాత్రం పెద్దది. అందుకని నా చేతికి మైకిచ్చినారు.

మైకంటే చిన్న పని అనుకోవద్దు. నాటకానికి చదివింపులుంటాయి. ఎవరో ఒకాయన అయిదు రూపాయల నోటు పంపిస్తాడు. అక్కడ కాటిలో హరిశ్చంద్రుడు భార్యను గుర్తుపట్టబోతుంటాడు. అంతలో నేను మైకందుకోని, ఫలానా వారు హార్మోనిస్టు గారికి అయిదు రూపాయలు చదివించినారు, వారికి కమిటీ తరఫున ధన్యవాదాలు అంటాను. హరిశ్చంద్రుడు ఆగిపోతాడు. చంద్రమతి ఏడుపు ఆపుతుంది. చచ్చిపడున్న లోహితాస్యుడు కూడా ఒక కన్ను తెరుస్తాడు. ఆ అయిదు రూపాయలు కళ మీద ప్రేమకా, మైకులో పేరుకా అని నన్ను అడగొద్దు. మీ వీధిలో ఫ్లెక్సీ కట్టినప్పుడు మీ కండ్లు మొదట ఎవరి ఫోటో కోసం వెతుకుతాయో మీకే తెలుసు.

ఆ ఏడు తిర్నాలకు ‘చింతామణి’ ఆడించినాము. వేశ్యల మోజులో పడి సంసారాలు ఎట్లా కూలిపోతాయో చూపిస్తే జనం బాగుపడతారని కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన నాటకం అది. బిల్వమంగళుడికి జ్ఞానోదయమయ్యే వేళకు మా ఊర్లో మేలుకోని ఉండేది నాటకమాడేవాళ్లు మాత్రమే. జనం సుబ్బిశెట్టి కోసం వస్తారు, చింతామణి తల్లి శ్రీహరితో ఆయన సరసం అయిపోగానే దుప్పటి కప్పుకుంటారు. ఊరూరా ఆడి ఆడి, ఈలలు పడే కొద్దీ ఆ ఘట్టం పెరుగుతా పోయింది. పెరిగినదంతా రెండర్థాల మాటలే.

ఆ రాత్రి శ్రీహరి వేషం కట్టిన ఆడమనిషి పేరు ఇక్కడ రాయను. జుట్టుకు సఫేదా పూసి, నడుం వంచి, బుగ్గన వక్కాకు పెట్టుకోని వచ్చింది. నోరు తెరవకముందే, సుబ్బిశెట్టి సంచీ వైపు ఒక చూపు చూసింది. అంతే, బండల మీద కూర్చున్న జనం పొట్టలు పట్టుకున్నారు.

ఇక్కడి నుంచి ఆ రాత్రి కథ నేను ముప్పై నాలుగేండ్లు ఎట్లా చెప్పినానో అట్లే చెప్తాను. ఘట్టం అయిపోయింది. ఒన్స్ మోర్. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ ఒన్స్ మోర్. ఆమె తెర వెనక్కి వచ్చి, అలసట అనో తలనొప్పి అనో ఏదో అనింది. నేనే స్వయంగా పోయి ధైర్యం చెప్పినాను. ఆమె నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి మరీ స్టేజీ మీదికి పోయింది. ఇరగదీసింది! మూడు ఒన్స్ మోర్లు. ఆ ఒక్క ఘట్టానికే నాలుగొందల చిల్లర చదివింపులు. మా తిర్నాల చరిత్రలో అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు.

దండం పెట్టిందనే చోట నేను చేతులు జోడించి, తల కొంచెం వంచి చూపించేవాణ్ని. క్యాంటీన్లో చూపించినాను, పెండ్లి పందిట్లో చూపించినాను, నా రిటైర్మెంటు సభలో దండ మెడలో ఉండగానే చూపించినాను. కేతు విశ్వనాథరెడ్డి గారంతటి కథకుడు మా మండలంలోని రంగశాయిపురంలో పుట్టినాడు. ఈ గాలిలోనే ఏదో ఉంది, కథ చెప్పడం మనకూ వచ్చులే అని లోపల ఒక ధైర్యం.

2022 ఎండాకాలంలో ఒకనాడు మా ఫిట్టరు పేపరు ముక్క పట్టుకోని వచ్చినాడు. ఫ్యాక్టరీలో నాతోపాటు పనిచేసినాడు, నాకంటే రెండేండ్లు చిన్న. “అన్నా, ఈమె ఆ శ్రీహరి గదా?” అన్నాడు. ఆమే. తన బతుకును తానొక్కతే గంటన్నర సేపు స్టేజీ మీద ఆడి చూపిస్తుందంట, కడపలో. చూడగానే నా మనసులో వచ్చిన మొదటి మాట ఇది, దాచకుండా చెప్తున్నా: మా తిర్నాల రాత్రి లేకుండా ఆమె బతుకు కథ ఎట్లా అవుతుంది? మూడు ఒన్స్ మోర్లు! ధైర్యం చెప్పిన ఆ కమిటీ ఆయన ఎవరో, ఎక్కడుండాడో అని స్టేజీ మీది నుంచి అడుగుతుంది. నేను లేస్తాను. చప్పట్లు. శాలువా కప్పుతాను. రెండు ముక్కలు మాట్లాడమంటారు. ఆ రెండు ముక్కలు ఒక కాగితం మీద రాసుకోని, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

అంతకు ముందు నవంబరు వానలకు కమలాపురం దగ్గర పాపఘ్ని మీద రోడ్డు వంతెన కూలి ఉండె. అందుకని రైలే మేలనుకున్నాము. కిటికీ పక్కన కాలేజీ పాప ఒకతి పుస్తకాలు పెట్టుకోని కూర్చోనుంది. సీటు ముగ్గురిది, పాప పక్కన ఇంకొకరు, మేము చేరితే నలుగురం. “ఏం గాదులేమ్మా, అంతా మనోళ్లే, కొంచెం జరుగు” అని సర్దుకున్నాను. ఆ పాప పుస్తకాలు ఒళ్లో పెట్టుకోని కిటికీకి అతుక్కుపోయింది.

దారి పొడుగునా ఫిట్టరుకు నేను నాటకాల చరిత్ర చెప్పినాను. మన జిల్లాలోనే సురభి అనే ఊర్లో 1885లో వనారస గోవిందరావు గారి వాళ్లు ‘కీచక వధ’ ఆడినారు, ఆ ఊరి పేరే వాళ్లకు ఇంటిపేరు మాదిరి నిలిచిపోయింది, ఆడవేషాలు ఆడవాళ్లే కట్టే ఆచారం ఆ కుటుంబాల్లో పెరిగింది అన్నాను. బళ్లారి రాఘవ పుట్టింది ఇదే రైలు దారిలో ఉండే తాడిపత్రిలో, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని ఆ కాలంలోనే ఆయన పట్టుబట్టినాడు అన్నాను. స్థానం నరసింహారావు గారు చీర కట్టుకోని వస్తే ఆడవాళ్లే ఆయన్ను చూసి కట్టు నేర్చుకునేవాళ్లంట అని కూడా కలిపినాను. “మరి నవ్వించే ఆడమనిషి?” అన్నాడు ఫిట్టరు. తోలుబొమ్మలాటలో బంగారక్క లేదా అన్నాను. “బంగారక్క బొమ్మ కదన్నా. ఎన్ని మాటలన్నా తోలుకేం తగుల్తుంది?” అన్నాడు. నేను అప్పటికే తర్వాతి సంగతి చెప్పడం మొదలుపెట్టినాను గాబట్టి ఆ మాట నా చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

హాలు చిన్నది. నూటాయాభై కుర్చీలుంటాయేమో. ముందు వరసలో పిలిచినోళ్లకని చీటీలు అంటించినారు. ఒక పిల్లోడు వచ్చి, సార్ వెనక కూర్చోండి అన్నాడు. “ఏం గాదులేప్పా, అంతా మనోళ్లే” అని వాడి భుజం తట్టి, చీటీ పీకి జేబులో పెట్టుకోని కూర్చున్నాను. శాలువా ఒళ్లో పెట్టుకున్నాను.

ఏకపాత్రాభినయం అంటే మనకు మయసభలో దుర్యోధనుడే. ప్రతి బడి వార్షికోత్సవంలోనూ అట్ట గద పట్టుకోని ఒక పిల్లోడు గర్జిస్తాడు. ఇక్కడ గద లేదు, తెర లేదు. ఒక కుర్చీ, ఒక రేకు ట్రంకుపెట్టె, దాని మీద ఒక తువ్వాలు. ఆమె మామూలు నూలుచీరలో నడిచి వచ్చింది. యాభై దాటిన మనిషి. సఫేదా పూసుకోవాల్సిన పని ఇప్పుడు లేదు. మమ్మల్ని చూసి, “ముప్పై ఏండ్లు తెల్లరంగు పూసి ముసల్దాన్ని చేసినారు. ఇప్పుడు నల్లరంగు పూసుకోమంటున్నారు” అనింది. హాలంతా నవ్వింది.

మొదట చిన్నతనం. ఆరేండ్లప్పుడు లోహితాస్యుడి వేషం. పాము కరిచి చచ్చిపోయినాక కదలకుండా పండుకోవాల. అర్ధరాత్రి దాటింది, ఈ పిల్ల నిజంగానే నిద్రపోయింది. దేవుడు ప్రత్యక్షమై బతికించినా లేయలేదు. దేవుడు కాలితో తన్నినాడు, లేయలేదు. ఆఖరికి చంద్రమతి బిడ్డను భుజానేసుకోని మంగళం పాడింది. ఆమె ఒకే మనిషి గదా, దేవుడూ తానే, తన్నులు తినే పిల్లా తానే. కుర్చీ ఎక్కితే దేవుడు, దిగితే పిల్ల.

తర్వాత పదిహేడేండ్ల వయసు. చింతామణి వేషం కట్టాలని కోరిక. కాంట్రాక్టరు నోరు తెరవమన్నాడంట, ఎద్దు పండ్లు చూసినట్టు చూసినాడంట. “పై పండ్లు ముందుకున్నాయి, చింతామణికి పనికిరావు, చింతామణి తల్లికి పనికొస్తాయి” అన్నాడంట. “అట్లా నేను పెండ్లి కాకముందే తల్లినైతి” అనింది ఆమె. జనం పగలబడి నవ్వుతుండారు. నేను నవ్వుతున్నాను గానీ మనసంతా లెక్కల్లో ఉంది. పదిహేడంటే ఎనభై మూడో ఎనభై నాలుగో. ఎర్రగుంట్లకు ఇంకా నాలుగేండ్లుంది. మధ్యలో పెండ్లి చెప్పింది, లారీలో ప్రయాణాలు చెప్పింది, తాగి వచ్చి మద్దెల మీద నిద్రపోయే మద్దెలాయన్ని చూపించింది. పెండ్లి వీడియోలో తను కనిపించే చోటు కోసం తక్కినదంతా ఓర్చుకునే మనిషి ఉంటాడు చూడండి, అట్లా ఉండాను నేను. ఆమె మొగుడు ఎప్పుడు పోయినాడో కూడా నాకు సరిగా వినపడలేదు. జేబులో కాగితం తడుముకుంటున్నాను.

“ఒక సిమెంటు ఊరు” అనింది.

ఫిట్టరు మోచేత్తో పొడిచినాడు. నేను కాలర్ సర్దుకున్నాను.

“తిర్నాల. ఆ ఊర్లో మైకు పట్టుకున్నాయన ఒకడున్నాడు” అని, ట్రంకుపెట్టె మీది తువ్వాలు తీసి మెడ చుట్టూ వేసుకుంది. లేని ప్యాంటును రెండు మోచేతులతో పైకి లాక్కుంది. లేని కళ్లజోడును ముక్కు మీదికి ఒక వేలితో తోసింది. లేని మైకును మూడుసార్లు ఊదింది, నాలుగోసారి తట్టింది. “హలో... హలో... మైక్ టెస్టింగ్” అని తన గొంతే తను వింటూ ఒక క్షణం కండ్లు మూసుకుంది. ఆ పరవశం చూసి హాలు గొల్లుమనింది. తర్వాత నోటును దీపానికి అడ్డం పెట్టి చూసి, “అయిదు... రూపాయలు” అని, అయిదుకూ రూపాయలకూ మధ్యన అంత దీర్ఘం తీసింది. ఇంకా గొల్లుమనింది.

నేనెంత నవ్వినానో చెప్తే మీరు నమ్మరు. కండ్లలో నీళ్లొచ్చినాయి. ఫిట్టరు తొడ మీద చరిచినాను. ఇట్లాంటోడు మా ఆఫీసులో ఒకడుండె, అచ్చం అంతే అని వాడి చెవిలో చెప్పినాను. ఆ నడక, ఆ ఊదడం, ఆ కండ్లు మూసుకోవడం, అంతా నాకు బాగా తెలిసిన మనిషే అనిపిస్తుంది గానీ ఎవరో తట్టడం లేదు. ఆ రాత్రి కమిటీలో ఇట్లాంటి తిక్కలోడు ఇంకొకడుండెనా అని ఆలోచిస్తున్నాను. చూడండి, నా చేతిలోనే కదా మైకు! అయినా ఆలోచిస్తున్నాను. మనల్ని మనం వెనక నుంచి ఎప్పుడు చూసుకున్నాము గనక?

ఆమె తువ్వాలు తీసి పెట్టెమీద పెట్టింది. ఇప్పుడు తను తనే.

అయిదు నెలల పిల్లోడు. జ్వరం. బడి గదిలో చీర ఉయ్యాల కట్టి పండుకోబెట్టి వచ్చింది. ఘట్టం ఒకసారి చేసింది. ఒన్స్ మోర్ అంటే మళ్లీ చేసింది. లోపల పిల్లోడి ఏడుపు వినపడుతుంది, బయట ఈలలు. ఇంకోసారి ఒన్స్ మోర్. తెర వెనక్కి వచ్చింది. మైకాయన చీటీలు, నోట్లు పట్టుకోని ఎదురొచ్చినాడు. “అన్నా, బిడ్డకు ఒళ్లు కాలిపోతుంది. పాలియ్యాల. పైగా ఆ మాటలు నాటకంలో రాసినవి గావు, ఇంక నాతో చెప్పించొద్దు” అని ఆమె రెండు చేతులూ ఎత్తింది.

స్టేజీ మీద ఆ రెండు చేతులూ అట్లనే నిలబెట్టింది. తల కొంచెం వంచింది. నాకు ఆ భంగిమ కొత్త గాదు. ముప్పై నాలుగేండ్లుగా నేను చేసి చూపిస్తున్నది అదే. అదే ఎత్తు, అదే వంపు. నేను చూసినది చూసినట్టే చూపించినాను, ఒక్క వెంట్రుక తేడా లేదు. అర్థం ఒక్కటే తప్పింది. అది దండం కాదు.

అయినా నాలో ఒక మూల ఇంకా వాదిస్తానే ఉంది. వేరే ఊరేమో, వేరే తిర్నాలేమో. మన పక్క సిమెంటు ఊర్లు ఇంకా ఉండాయి గదా. అంతలో ఆమె తువ్వాలు మళ్లీ మెడలో వేసుకుంది, ప్యాంటు లాక్కుంది, ఎదురుగా ఉండే గాలి భుజం తట్టింది.

“ఏం గాదులేమ్మా, అంతా మనోళ్లే!”

హాలు నవ్వింది. నా నవ్వు కూడా సగం బయటికి వచ్చేసింది. మిగతా సగం గొంతులో ఇరుక్కుంది. ఆ మాట నేను అంతకు గంట ముందు ఒక పిల్లోడితో అని, వాడి చీటీ పీకి జేబులో పెట్టుకున్నాను. రైల్లో ఒక పాపతో అన్నాను. ఆ పొద్దే రెండుసార్లు. ముప్పై నాలుగేండ్లలో ఎన్నిసార్లో! నేను తిరిగి ఫిట్టరును చూసినాను. వాడు నన్ను చూడలేదు. స్టేజీనే చూస్తుండాడు, మెడ బిగబట్టి. పక్కమనిషి మనవైపు చూడకుండా అంత కష్టపడుతుండాడంటే, ఇంక అనుమానం పెట్టుకోవాల్సిన పని లేదు.

మూడోసారి స్టేజీ ఎక్కినప్పటి సంగతి ఆమె మెల్లగా చెప్పింది. బిడ్డ ఏడుపుకు పాలు పొంగి రవిక తడిసిపోయిందంట. పైట రెండు మడతలు వేసి, ఇంకా బాగా వంగి నడిచిందంట. “వంగి నడిస్తే ఇంకా నవ్వినారు. ముసలమ్మ నడక భలే చేస్తుందిలే అనుకున్నారు. ఆ నడకకే తర్వాత నాకు పేరొచ్చింది.” అప్పుడు హాల్లో నవ్వు లేదు. ఎవరిదో కుర్చీ కిర్రుమనింది, అది నాదే.

అంతసేపు ఆగి, ఆమె మళ్లీ మామూలు గొంతుతో అనింది: “పిల్లోడికి ఏం గాలేదు. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఇప్పుడు ఆటో తోల్తాడు, నాకంటే బాగా నవ్విస్తాడు. మైకాయన చెప్పింది నిజమే. ఏం గాలేదు. అంతా మనోళ్లే.” హాలు మళ్లీ నవ్వింది. నేను శాలువా కవరును కుర్చీ కిందికి తోసినాను.

ఆ తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఆడింది. అప్పుడు మొదటిసారిగా నేను ఆమె కథ విన్నాను. అప్పటిదాకా నా కథ కోసం ఎదురుచూసినాను గదా. వేషాలు తగ్గిపోయిన సంగతి చెప్పింది. ఆ ఏడు జనవరిలో ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనలు నిషేధించినప్పుడు ఎవరో ఫోన్ చేసి, ఎట్లా అనిపిస్తుంది అని అడిగినారంట. సుబ్బిశెట్టి పేరుతో ఒక కులాన్ని ఎగతాళి చేస్తుండారని ఆ కులంవాళ్లు బాధపడినారు, ఆ బాధలో న్యాయముంది అనింది. నాటకం పోతే పొట్టలు కాలే ఆర్టిస్టులూ బాధపడినారు, అందులోనూ న్యాయముంది అనింది. “నాటకాన్ని ఆపినారు, బాగుంది. ఒన్స్ మోర్ అన్నోళ్లను ఎవరూ ఏమీ అనలేదు” అని దండం పెట్టింది. ఈసారిది దండమే. నేను ఒకటికి రెండుసార్లు చూసినాను.

బయట బజ్జీల బండి దగ్గర నిలబడి ఉండగా ఆమె కూడా టీ తాగడానికి వచ్చింది. తప్పించుకోని పోదామనుకుంటే ఫిట్టరు చేతిలో మిరపకాయ బజ్జీ సగం మిగిలుండె.

“ఏ ఊరు నాయనా?” అనింది.

“ఎర్రగుంట్ల” అన్నాడు ఫిట్టరు. వాడికి అబద్ధం అప్పటికప్పుడు రాదు.

ఆమె టీ గ్లాసు దించి ఇద్దరినీ చూసింది. నాకు వెంట్రుకలు పోయినాయి, పొట్ట వచ్చింది, కళ్లజోడు మారింది. “అట్లనా! మైకు పట్టుకున్నాయన బాగుండాడా?” అనింది.

“బాగుండాడమ్మా” అన్నాను.

“మంచిది. ఎక్కడాడినా ఆయనకే ఎక్కువ నవ్వుతారు. నేను ఆయనకు రుణపడుండా” అనింది. టీ తాగేసి, గ్లాసు బండి మీద పెట్టి పోయింది. గుర్తుపట్టే అనిందో, పట్టకనే అనిందో ఈ పొద్దుకూ తేల్చుకోలేకపోతున్నాను. ‘ఆయన నేనేనమ్మా’ అనే రెండు ముక్కలు నాలుక చివరిదాకా వచ్చినాయి. మైకులో ఊరు ఊరంతా వినేటట్టు వందల పేర్లు చదివిన నోరు, అవసరమొచ్చిన రోజు ఒక్క పేరు చదవలేకపోయింది. 1988లో చేసినదానికి వయసు తక్కువ, బుద్ధి తక్కువ అని చెప్పుకోవచ్చు. బజ్జీల బండి దగ్గర చేసినదానికి ఆ సాకు కూడా లేదు.

తిరుగు రైల్లో కమలాపురం దాకా ఇద్దరం మాట్లాడలేదు. పాపఘ్ని దాటుతుండగా ఫిట్టరు కిటికీ బయటికి చూస్తా అన్నాడు: “అన్నా, ఆ పొద్దు ఒన్స్ మోర్ అని మొదట అరిచింది నేనే. గుర్తుందా?” నాకు గుర్తులేదు. వాడికి మాత్రం గుర్తుంది, ముప్పై నాలుగేండ్లుగా నా కథ విన్న ప్రతిసారీ వాడు ఆ సంగతి సంతోషంగానే కలిపేవాడంట. నేను చెప్పే ఊపులో వాడి మాట నాకు పడలేదు.

తర్వాత మా పాప బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఇదంతా చెప్పినాను. తండ్రి తప్పు తండ్రి నోట వింటే పిల్లలకు ఏదో సంబరం, కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో ఒకటి చూపించింది. ఆస్ట్రేలియా కమెడియన్ హానా గాడ్స్‌బీ ఒంటరిగా నిలబడి తమ బతుకు చెప్పుకున్న ‘నానెట్’, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆ ఇంగ్లీషు నాకు సగం అందలేదు, పాప ఆపి ఆపి చెప్పింది. అందులో ఒక సంగతి మాత్రం గుచ్చుకుంది. జోకుకు రెండు భాగాలు చాలు, మొదట బిగించాల, తర్వాత వదలాల. కథకు మూడు కావాల, మొదలు, నడుమ, చివర. జోకు చెప్పాలంటే ఆ మూడోది కోసేయాల.

నేను ముప్పై నాలుగేండ్లు చెప్పింది రెండు భాగాలే. ఆమె అలసట అనింది, నేను ధైర్యం చెప్పినాను, చప్పట్లు. మూడో భాగం బడి గదిలో చీర ఉయ్యాలలో ఏడుస్తా ఉండె. స్టేజీకీ ఆ గదికీ మధ్య పట్టున పది అడుగులుండవు. నేను ఆ పది అడుగులూ పోలేదు. అటు పోతే కథ చెడిపోతుందని కాదు, అటు ఒక గది ఉందనే సంగతే నాకు పట్టలేదు. నా తప్పు ఏంటిదని నన్నడిగితే, రెండర్థాల మాటలు చెప్పించడం కంటే ముందు ఇది చెప్తాను.

మీరు చేయలేదా ఇట్లాంటిది? పెండ్లిలో ఎవరినో ఏడిపించి నవ్వించిన కథ, కొత్తగా చేరిన కుర్రోణ్ని ర్యాగింగ్ చేసిన కథ, మరదల్ని అందరి ముందూ పాట పాడించిన కథ. చెప్పినప్పుడల్లా జనం నవ్వే కథ ఒకటి మీ దగ్గర కూడా ఉంటుంది. అందులో ఎవరన్నా చేతులు జోడించిన చోటుంటే, ఇంకోసారి చెప్పే ముందు ఆ చేతుల దగ్గర కొంచెం ఆగండి. మీకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. నేను ఆగకుండా రిటైర్మెంటు సభ దాకా పోయినాను, ఆ అనుభవంతో చెప్తుండా.

కడప నుంచి ఇంటికొచ్చిన రాత్రి శాలువా కవరు చూసి మా ఇంటామె అడిగింది, “ఏం, కప్పనీయలేదా?”

“చలికాలంలో నువ్వే కప్పుకో” అన్నాను.

“ఎర్రగుంట్లలో శాలువా కప్పుకునే చలి ఎప్పుడొచ్చిందబ్బా!” అని, దాన్ని మడత కూడా విప్పకుండా బీరువాలో పెట్టేసింది.